విశ్వాస సూచీ అంటే ఏ విశ్వాసం?



దినపత్రికలో వ్యాపార వార్తల పేజీని మన కుటుంబాలలో చాలామంది తిరగేసి పక్కన పెడతారు. అయినా ఆ పేజీలోని ఒక మాట అప్పుడప్పుడు మన వారి కంట పడుతూనే ఉంటుంది. "వినియోగదారుల విశ్వాసం పెరిగింది" అని ఒక నెల, "విశ్వాస సూచీ పడిపోయింది" అని మరొక నెల పెద్ద అక్షరాలతో వేస్తారు. విశ్వాసం మనకు ఆరాధనలో వినే మాట. అది బజారులో పెరగడమేమిటి, తరగడమేమిటి అని ఒకరిద్దరు మమ్మల్ని అడిగారు. డెల్టా ప్రాంతపు ఒక పల్లె నుండి ఒక సహోదరుడు ఉత్తరమే వ్రాశారు. ఆయనకు 4 ఎకరాల సొంత పొలం, మరికొంత కౌలు ఉన్నది. పెద్ద కుమారుడు అప్పు మీద ట్రాక్టరు కొందామంటున్నాడు. "విశ్వాసం పెరిగిందని పేపర్లో వేశారు నాన్నా, మంచి రోజులు వస్తున్నాయి, ఇప్పుడు తీసుకోకపోతే ఇంకెప్పుడు" అని పట్టుబడుతున్నాడట. ఆ వార్తను నమ్మి పట్టాదారు పాసు పుస్తకం బ్యాంకులో పెట్టవచ్చునా అన్నది ఆ తండ్రి ప్రశ్న.

ఒక్క మాటలో జవాబు చెప్పగలిగిన ప్రశ్న కాదు గనుక ఈ నెల శీర్షిక అంతా దీనికే ఇస్తున్నాము.

ముందు మాట సంగతి చూద్దాము. ఇంగ్లీషులో కాన్ఫిడెన్స్ అన్నదానికి మన పత్రికల వారు విశ్వాసం అని పెట్టుకున్నారు. మా మట్టుకు మాకు ధీమా అంటే సరిపోయేదనిపిస్తుంది. వచ్చే ఏడాది చేతిలో నాలుగు రూపాయలు ఆడతాయన్న ధీమా, పని దొరుకుతుందన్న ధీమా. అంతకు మించి ఆ మాటలో ఏమీ లేదు. ఇక మీదట ఈ వ్యాసంలో ధీమా అనే అంటాము. చదివేవారికి తికమక ఉండదు.

మన దేశంలో ఈ ధీమాను రిజర్వు బ్యాంకు 2010 నుండి లెక్కిస్తున్నది. మొదట హైదరాబాదుతో సహా 6 నగరాలలో ఆరంభించి, తరువాత 13 నగరాలకు, ఆపైన 19 నగరాలకు పెంచారు. రెండు నెలలకు ఒకసారి దాదాపు 6 వేల కుటుంబాలను అడుగుతారు. ప్రశ్నలు చాలా సాదాగా ఉంటాయి. నిరుడు ఇదే కాలంతో పోల్చితే దేశ ఆర్థిక పరిస్థితి బాగుపడిందా, అలాగే ఉన్నదా, పాడైందా? ఉద్యోగాలు? ధరలు? మీ ఇంటి ఆదాయం? మీ ఇంటి ఖర్చు? తరువాత ఇవే ప్రశ్నలను వచ్చే ఏడాదిని గూర్చి అడుగుతారు. మొదటి జవాబుల నుండి వచ్చేది ప్రస్తుత పరిస్థితి సూచీ, రెండవ జవాబుల నుండి వచ్చేది భవిష్యత్తు అంచనాల సూచీ.

లెక్క కట్టే పద్ధతి ఐదవ తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. ఒక సంఘంలో 100 కుటుంబాలు ఉన్నాయనుకోండి. ఆదాయం పెరిగిందని 40 ఇళ్లవారు, తగ్గిందని 35 ఇళ్లవారు, మార్పు లేదని 25 ఇళ్లవారు చెప్పారు. 40లో నుండి 35 తీసివేస్తే 5. దానికి 100 కలిపితే 105. అందరూ పెరిగిందంటే 200, అందరూ తగ్గిందంటే సున్నా. ఐదు ప్రశ్నలకూ ఇలాగే చేసి సగటు తీస్తారు. 100 అనేది గట్టు వంటిది. ఆ పైన ఉంటే బాగుపడ్డామనేవారు ఎక్కువ, ఆ క్రింద ఉంటే చెడిపోయామనేవారు ఎక్కువ.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. 3 ఎకరాల పత్తి నీట మునిగిన కుటుంబమూ, కూలి రోజుకు 10 రూపాయలు తగ్గిన కుటుంబమూ ఈ లెక్కలో సమానమే. ఇద్దరివీ చెరొక "తగ్గింది". నష్టం ఎంతమందికి అన్నదే ఈ సూచీ లెక్కిస్తుంది. ఎంత లోతున అన్నది దానికి అందదు.

ఇంతటి సాదా ప్రశ్నలతో దేశపు వ్యాపారాన్ని అంచనా కట్టవచ్చునని మొదట చూపినవారు జార్జి కటోనా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. 1901లో హంగరీ దేశపు బుడాపెస్ట్‌లో పుట్టి, జర్మనీలో పనిచేసి, 1933లో అమెరికా చేరారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడి వ్యవసాయ శాఖ సర్వే విభాగంలో పనిచేశారు. యుద్ధం ముగిసేసరికి ఆ దేశంలో ఒక పెద్ద భయం పట్టుకున్నది. ఫిరంగులకు, ఓడలకు ఆర్డర్లు ఆగిపోతాయి, సైనికులు లక్షల సంఖ్యలో ఇళ్లకు వస్తారు, 1930ల నాటి మాంద్యం తిరిగి వస్తుందేమోనని ఆర్థికవేత్తలు చాలామంది అనుకున్నారు. కటోనా బృందం ఇళ్లకు వెళ్లి అడిగితే వేరే మాట వినబడింది. యుద్ధకాలంలో బాండ్లలో దాచుకున్న సొమ్ము అండగా ఉన్నదని, ఇల్లూ కారూ కొనాలనుకుంటున్నామని జనం చెప్పారు. తరువాత జరిగింది కూడా అదే. 1946 నుండి మిచిగన్ విశ్వవిద్యాలయంలో ఆ సర్వేలు స్థిరపడ్డాయి. నేటికీ సాగుతున్నాయి.

కటోనా చెప్పిన కీలకం ఇది. కొనడానికి రెండు కావాలి: కొనగల శక్తి, కొనాలనే మనసు. శక్తి ఎంత ఉన్నదో బ్యాంకు లెక్కలలో దొరుకుతుంది. మనసు సంగతి మనిషిని అడిగితేనే తెలుస్తుంది. బియ్యం, ఉప్పు, పసిపాపకు పాలు వంటివి మనసు ఉన్నా లేకున్నా కొనవలసినవే. కాని రేకుల కప్పు తీసి స్లాబు వేయించడం, బండి కొనడం, ఆడపిల్లకు నగ చేయించడం వంటివి వచ్చే ఏడాదికి తోసివేయవచ్చు. ఊరిలో 100 ఇళ్లవారు ఒకేసారి "వచ్చే ఏడు చూద్దాం" అనుకుంటే తాపీ మేస్త్రికి పని పోతుంది, ఇటుక బట్టీ ఆగుతుంది, ఆ బట్టీ కూలీలు కొట్టులో అప్పు పెడతారు. ఎవరి పంటా పోకుండానే ఊరు దిగాలుపడుతుంది. భయమే కొంత నష్టాన్ని తెస్తుందన్నమాట. అందువలననే ప్రభుత్వాలు మన మనసులో ఏమున్నదో అడిగి తెలుసుకోవడానికి ఇంత ఖర్చు పెడతాయి.

ఇది నిజంగా జరిగిన సందర్భాలున్నాయి. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించింది. అక్కడ పని చేసుకుంటున్న మన తెలుగువారు కట్టుబట్టలతో తిరిగివచ్చిన సంవత్సరం అది. అమెరికాలో ఆ జూలైలో 88.2 ఉన్న మిచిగన్ సూచీ అక్టోబరుకు 63.9కి పడిపోయింది. ఆ దేశం అప్పటికే మాంద్యంలో అడుగుపెట్టి, 1991 మార్చి వరకు అందులోనే ఉన్నది. జనం జంకి కొనుగోళ్లు తగ్గించుకోవడమే ఆ మాంద్యానికి ముఖ్య కారణమని తరువాత కొందరు పేరున్న ఆర్థికవేత్తలు వాదించారు.

మన దేశంలో 2019 సంవత్సరం చూడండి. మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రస్తుత సూచీ 104.6. మే నెలకు 97.3, సెప్టెంబరుకు 89.4. అదే సంవత్సరం ఆగస్టులో కార్లు మొదలైన ప్రయాణికుల వాహనాల అమ్మకాలు అంతకు ముందటి ఆగస్టుతో పోల్చితే 31 శాతానికి పైగా తగ్గాయి. అప్పటికి కరోనా పేరు ఎవరూ వినలేదు. దేశ ఉత్పత్తి లెక్కలు మూడు నెలల కాలం ముగిసిన తరువాత మరో రెండు నెలలకు గాని రావు. ధీమా లెక్క అంతకంటె ముందే చేతికి వస్తుంది. ఈ సూచీకి ఉన్న మంచి గుణం ఇదే. జ్వరం వచ్చిందని నుదుటి మీద చేయి పెట్టి చెప్పినట్లు తొందరగా చెబుతుంది. ఏ జ్వరమో చెప్పదు.

ఒక్కొక్కసారి జ్వరం లేని చోట కూడా ఉన్నదంటుంది. 2022 జూన్‌లో మిచిగన్ సూచీ 50.0కి దిగింది. సర్వే మొదలైన నాటి నుండి అప్పటి వరకు అంత తక్కువ ఎన్నడూ లేదు. దానిని చూచి అమెరికాలో జనం ఖర్చు మానేస్తారని ఎవరైనా అనుకోవచ్చు. కాని ఆ నెలలో అక్కడ నిరుద్యోగం 3.6 శాతమే. కొనుగోళ్లు కుప్పకూలలేదు. మరి జనానికి అంత విసుగు ఎందుకు? ధరలు ఏడాదిలో 9.1 శాతం పెరిగాయి. పని ఉన్నది, జీతం వస్తున్నది, కాని పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ ఒళ్లు మండుతున్నది. మనిషి నోటితో చెప్పేదీ చేతితో చేసేదీ వేరైన సందర్భం అది. 2005 ఆగస్టు చివర కత్రినా తుఫాను వచ్చినప్పుడూ ఇంతే. 89.1 ఉన్న సూచీ ఒక్క నెలలో 76.9కి పడింది. ఆర్థిక వ్యవస్థ మాత్రం నడుస్తూనే ఉన్నది.

1994లో కారోల్, ఫ్యూరర్, విల్‌కాక్స్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఈ సూచీని గట్టిగా పరీక్షించారు. జనం ఖర్చులో వచ్చే హెచ్చుతగ్గులలో ధీమా సూచీ ఒంటరిగా ముందే చెప్పగలిగినది దాదాపు 14 శాతం. ఆదాయం మొదలైన ఇతర లెక్కలను కూడా పక్కన పెట్టుకుంటే, సూచీ అదనంగా చెప్పేది 3 శాతం దాపుకు తగ్గింది. పనికిరానిది కాదు. అయితే దాని మీద ఇల్లు కట్టుకునేంత గట్టి నేల కూడా కాదు.

రాజకీయం కూడా ఇందులో దూరుతుంది. అమెరికాలో 2016 ఎన్నికల తరువాత గెలిచిన పార్టీ వారి ధీమా ఒక్కసారిగా లేచింది, ఓడినవారిది పడింది. జీతాలూ ధరలూ ఆ వారం రోజులలో మారిందేమీ లేదు. మన ఊళ్లలో టీ కొట్టు దగ్గర కూర్చుని ఐదు నిమిషాలు వింటే ఇది వింతగా తోచదు.

ఇక మన పత్రికల శీర్షికల సంగతి. "విశ్వాసం పెరిగింది" అన్న మాటను ఎక్కువగా అపార్థం చేసుకునేది ఇక్కడే. 2021 మే నెలలో, కరోనా రెండవ విడత మధ్య, ప్రస్తుత సూచీ 48.5కి దిగింది. మరుసటి ఏడాది మేలో 75.9 అయింది. 2023 మేలో 88.5. 2024 మార్చిలో 98.5. ప్రతిసారీ "పెరిగింది" అనే వార్త వచ్చింది. అబద్ధం కాదు. కాని గట్టు 100 అని పైన చెప్పుకున్నాము. 98.5 కూడా గట్టుకు దిగువనే. అంటే ఆ మూడేళ్లలో ఏ సర్వేలోనైనా మొత్తం మీద "నిరుటికంటె చెడింది" అన్నవారి వైపే తూకం మొగ్గింది. "చెడింది" అనేవారు తగ్గుతూ వచ్చారు, అంతే. మునుగుతున్న పడవలో నీళ్లు చేరడం మందగించడం ఒకటి, పడవ తేలడం ఒకటి. శీర్షికలో రెండింటికీ ఒకే మాట వాడుతున్నారు. 2023-24లో దేశ ఉత్పత్తి 8 శాతానికి పైగా పెరిగిందని ప్రభుత్వ లెక్క. ఆ సంవత్సరంలోనూ ఈ సూచీ గట్టెక్కలేదు.

దీనికి ఒక కారణం ప్రశ్నలలోనే ఉన్నది. ధరలు పెరిగాయా అని అడిగితే ఏ కాలంలోనైనా నూటికి 90 మంది దాకా పెరిగాయనే అంటారు. అది సూచీని క్రిందికి లాగుతుంది. ఖర్చు పెరిగిందా అంటే ఎక్కువమంది అవుననే అంటారు. అది సూచీని పైకి నెడుతుంది! ఖర్చు పెరగడం మంచి గుర్తు అని పండితుల భావం. జనం ధైర్యంగా కొంటున్నారని వారు అర్థం చేసుకుంటారు. కాని కందిపప్పు ధర పెరిగి, ఆసుపత్రి బిల్లు పెరిగి, కాలేజీ ఫీజు పెరిగి ఖర్చు హెచ్చిన ఇల్లు ఎంత ధీమాగా ఉన్నదో ఇల్లాలిని అడగాలి. అవసరపు ఖర్చు ఎంత, అవసరం కాని ఖర్చు ఎంత అని రిజర్వు బ్యాంకు వారు విడిగా కూడా అడుగుతారు. ఆ రెండవ అంకె మీదనే మా కన్ను. జనం సరదాకు నాలుగు రూపాయలు తీస్తున్నారా లేదా అన్నది అక్కడ తెలుస్తుంది. పత్రికలు దానిని అరుదుగా వేస్తాయి.

భవిష్యత్తు సూచీ కథ వేరు. 2019 మార్చిలో ప్రస్తుత సూచీ 104.6 ఉంటే భవిష్యత్తు సూచీ 133.4. 2024 మార్చిలో 98.5కు 125.2. ఇంటింటా కరోనా ఉన్న 2021 మేలో సైతం, ప్రస్తుతం 48.5 అయితే భవిష్యత్తు 96.4! శ్మశానాలలో చోటు చాలని ఆ నెలలో వచ్చే ఏడు కూడా చెడుతుందన్న వైపే తూకం కొద్దిగా మొగ్గింది, అయినా అప్పటి స్థితిని గూర్చి చెప్పినదానికంటె వచ్చే ఏటిని గూర్చి మన జనం ఎంతో ఆశగా చెప్పారు. నారు ఎండినా మళ్లీ నారు పోసే జాతి మనది. ఆశ లేకపోతే వ్యవసాయమే లేదు. కాని అప్పు ఇచ్చేవానికి ఈ ఆశ ఎక్కడ దొరుకుతుందో బాగా తెలుసు. ఏటా కనబడే ఆ ఆశను ఈ ఏడాది ప్రత్యేకంగా కలిగిన శుభవార్త అనుకోరాదు.

ఉత్తరం వ్రాసిన సహోదరునికి మా మాట ఇది. పేపర్లో వచ్చిన అంకె 19 నగరాల వారి మాట. వాటిలో మన రెండు రాష్ట్రాలకు హైదరాబాదు ఒక్కటే ఉన్నది. ఆంధ్రప్రదేశ్ నుండి ఒక్క పట్టణమూ లేదు. హైదరాబాదులో నెలజీతం తీసుకునే కుటుంబం నిరుటికంటె నయమన్నంత మాత్రాన మీ ఊరిలో దుక్కి బాడుగ పెరగదు. మీ అబ్బాయి తెలుసుకోవలసినవి వేరే ఉన్నాయి. ఊరిలో ఇప్పటికే ట్రాక్టర్లు ఎన్ని? నిరుడు ఒక్కొక్కటి బయటి పొలాలలో ఎన్ని గంటలు ఆడింది? గంటకు వచ్చిన బాడుగలో డీజిలు, డ్రైవరు, మరమ్మతు పోగా మిగిలిందెంత? కిస్తీ ఏ నెలలో పడుతుంది, ఆ నెలకు ధాన్యం డబ్బు చేతికి వస్తుందా? కాలువ నీరు ఒక పంటకే వదిలితే కిస్తీ ఎలా కడతారు? ఈ లెక్కలు వ్రాసి చూపిస్తే కొనవలసిందే కావచ్చు, మేము వద్దనడం లేదు. బ్యాంకువారు వేలం వేసేది పొలాన్ని గాని సూచీని కాదు గనుక ఇంత వ్రాస్తున్నాము.

ఊరి ధీమా ఊరిలోనే కనబడుతుంది. ఎరువుల కొట్టు ఖాతా పుస్తకంలో పాత బాకీ ఎంత పేరుకున్నదో, కొత్త స్లాబులు ఎన్ని పడ్డాయో, తాకట్టు కొట్టులో నగలు విడిపించుకునేవారు ఎక్కువో పెట్టేవారు ఎక్కువో, ఎన్ని ఇళ్లకు తాళం పడి కుటుంబాలు వలస వెళ్లాయో చూస్తే చాలు. 2020-21లో దేశం మొత్తంలో ఉపాధి హామీ పనికి వెళ్లిన కుటుంబాలు 7 కోట్ల 50 లక్షలు దాటాయి. ఎండలో మట్టి తవ్వడానికి అంతమంది బారులు తీరారంటే పల్లెలో ధీమా ఎంత ఉన్నదో చెప్పడానికి వేరే సర్వే అక్కరలేదు.

అయినా పల్లెవారిని కూడా అడగవలసిందే. చాలాకాలం ఎవరూ అడగలేదు. 2024 సెప్టెంబరు నుండి నాబార్డు వారు రెండు నెలలకు ఒకసారి గ్రామీణ కుటుంబాల స్థితిగతులు, అభిప్రాయాలు సేకరిస్తున్నారు. రిజర్వు బ్యాంకు కూడా గ్రామాలకు, చిన్న పట్టణాలకు వేరుగా ధీమా సర్వే జరిపి ఫలితాలు వెల్లడిస్తున్నది. నగరపు అంకె పక్కన పల్లె అంకె కనబడడం ఇప్పుడిప్పుడే మొదలైంది. రెండూ ఒకే దారిన నడుస్తాయా, వానలు తప్పిన ఏడు ఎంత ఎడమవుతాయి అన్నది కొన్ని సంవత్సరాలు పోగుపడితే గాని తేలదు.

ఈ సర్వేలవారు మీ వీధికి వచ్చి మీ తలుపు తట్టవచ్చు. సాధారణంగా అరుగు మీద కూర్చున్న మగవారు జవాబు చెప్పి పంపివేస్తారు. మిచిగన్‌లోనైనా బొంబాయిలోనైనా ఆ అంకె మొదలయ్యేది ఇటువంటి జవాబుల దగ్గరే. ధరల ప్రశ్న, ఖర్చు ప్రశ్న వచ్చినప్పుడు లోపలికి కేకవేసి, ఇంట్లో సరుకుల చిట్టా చూసే మనిషిని పిలవండి.